లంబసింగికి శనివారం చూసి కాదు, కాలం చూసి రండి

కార్తీకమాసం వచ్చిందంటే మా చింతపల్లి వైపు ఫోన్లు మొదలైపోతాయి. "అన్నా, ఈ శనివారం మంచు ఉంటాదా?" నర్సీపట్నం నుంచి, అనకాపల్లి నుంచి, తుని నుంచి, విశాఖ హాస్టళ్లలో చదువుకుంటున్న మనోళ్ల నుంచి, అందరిదీ ఒకటే ప్రశ్న. వాళ్లకి సెలవు దొరికేది శనాదివారాలే. అంచేత ముందు రోజు ఖాయం చేసీసి, బండ్లు మాట్లాడీసి, టెంటుకి అడ్వాన్సు కొట్టీసి, ఆఖర్న వాతావరణం సంగతి అడుగుతారు.

ఇది తిరగేసి చెయ్యాల్సిన పని. ముందు ఆకాశం సంగతి తెలుసుకుని, ఆ తర్వాత ఏ వారం, ఏ చోటు, ఏ పని అన్నది తేల్చుకోవాలి. కొండ మీద వాతావరణాన్ని తప్పుగా లెక్కేస్తే పోయేది పెట్రోలు డబ్బులొక్కటే కాదు. వానాకాలంలో గెడ్డ దగ్గర, చలికాలంలో టెంటు లోపల, మంచులో ఘాట్ రోడ్డు మీద ప్రాణాలే పోతాయి. ఇంకోపక్క, టెంట్ల మీద, టీకొట్ల మీద, బొంగు చికెన్ మీద బతుకుతున్న మా కొండ కుర్రోళ్ల ఏడాది సంపాదన కూడా ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది. అంచేత చింతపల్లి మన్యంలో ఏ కాలం ఎలగుంటాది, ఎందుకలగుంటాది, అందులో శనాదివారాలు ఎలగ వాడుకోవాలి అన్నది వివరంగా చెప్తాను.

ఈ చలి ఎక్కడి నుంచి వస్తాది

చింతపల్లి సముద్రమట్టానికి 800 మీటర్ల పైన ఉంది. లంబసింగి దగ్గర దగ్గర 1000 మీటర్లు. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడతాది. వెయ్యి మీటర్లకి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతాదని లెక్క. అంటే నర్సీపట్నంలో రాత్రి 18 డిగ్రీలుంటే, ఎత్తు ఒక్కదాని వల్లే లంబసింగిలో 12 దాకా దిగాలి. మరి 12 దగ్గర ఆగకుండా పది కిందకి, కొన్ని రాత్రులు ఇంకా కిందకి ఎందుకు దిగిపోతాది?

అది రాత్రి ఆకాశం చేసే పని. పగలంతా నేల ఎండ తాగి వేడెక్కుతాది. రాత్రి ఆ వేడిని పైకి ఒదిలేస్తాది. మబ్బు ఉంటే దుప్పటి కప్పినట్టే, ఆ వేడి కొంత వెనక్కొస్తాది. మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉంటే వేడంతా ఆకాశంలోకి పోతాది. నేల చల్లబడిపోయి, తనని అంటుకున్న గాలిని కూడా చల్లబరుస్తాది. చల్లగాలికి బరువెక్కువ. వాలు మీద నీళ్లు జారినట్టు జారి, కొండల నడుమ పల్లంలో నిలిచిపోతాది. అందుకనే గట్టు మీద కన్నా పల్లపు పొలంలో చలి ఎక్కువ కరుస్తాది.

లంబసింగిని 'కొర్ర బయలు' అని కూడా అంటారు. బయట ఉండిపోతే మనిషి కర్రలాగ బిగుసుకుపోతాడని ఆ పేరుకి అర్థం చెప్తారు. 'ఆంధ్రా కాశ్మీర్' అన్న పేరు తర్వాత వచ్చింది. చలి సంగతి ముందే తెలిసినోళ్లు పెట్టుకున్న పేరు మాత్రం కొర్ర బయలే.

ఏటేటా డిసెంబరు, జనవరిల్లో 'లంబసింగిలో సున్నా డిగ్రీలు' అని ఫోన్లలో తిరుగుతాది. వెంటనే ఇంకొకడు 'అబద్ధం, పేపర్లో వేరేగా ఉంది' అంటాడు. ఇద్దరి మాటా కొంత నిజం కావచ్చు. చింతపల్లిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడ రోజూ ఉష్ణోగ్రత కొలుస్తారు. కొలిచే థర్మామీటరు గాలాడే తెల్ల చెక్కపెట్టెలో, ఇంచుమించు మనిషి ఛాతీ ఎత్తులో ఉంటాది. కాని రాత్రి అన్నిటికన్నా ఎక్కువ చల్లబడేది నేల. పెట్టెలో 3, 4 డిగ్రీలు చూపించినా, గడ్డి మీద సున్నాకి దిగి మంచు తెల్లగా గడ్డ కట్టొచ్చు. అంచేత బైకు సీటు మీద మంచు పొర ఫోటో నిజమే అయినా, 'ఊరంతా సున్నా' అన్న మాట నిజం కాకపోవచ్చు.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే మా కొండల మీదకి మబ్బు వచ్చేస్తాది. మబ్బొస్తే దుప్పటి కప్పినట్టే అన్నాను కదా, రాత్రి చలి తగ్గిపోతాది. డిసెంబరులో కూడా అంతే. టీవీలో అల్పపీడనం అని చెప్తుంటే, ఆ వారం లంబసింగిలో ముసురు చూస్తారు, చలి చూడలేరు. ఆ మబ్బు విడిపోయి, ఆకాశం తేటపడి, ఉత్తరం నుంచి పొడిగాలి మొదలయ్యాక వచ్చే శనాదివారాలు పట్టుకోవాలి.

మేఘాల సముద్రం చూడాలంటే

చెరువులవేనం మీద నుంచి, పాడేరు దగ్గర వంజంగి మీద నుంచి కనిపించే పాల సముద్రం లాంటి మేఘాల కోసమే సగం మంది వస్తారు. అది నిజానికి లోయలో పుట్టిన పొగమంచు. తేమతో ఉన్న గాలి రాత్రి లోయలో చల్లబడి మంచు అవుతాది. దాని పైన కొంచెం వెచ్చని గాలి పొర మూతలాగ కూర్చుంటాది. మంచు ఆ మూత దాటి పైకి రాలేదు. మీరు నిలబడ్డ కొండ ఆ మూత కన్నా ఎత్తుగా ఉంటే, కాళ్ల కింద సముద్రం కనిపిస్తాది. మంచు పొర కొండ కన్నా మందంగా ఉంటే, మీరు మంచు లోపలే ఉంటారు. పక్కోడి మొహం కూడా కనిపించదు.

అది కుదరాలంటే మూడు జరగాలి. నేలలో తేమ ఉండాలి, అంటే రెండు మూడు రోజుల ముందు ఒక జల్లయినా పడి ఉండాలి, లేదా వానాకాలపు తడి ఇంకా ఆరకుండా ఉండాలి. రాత్రి ఆకాశం తేటగా ఉండాలి. గాలి ఆగి ఉండాలి. రాత్రి తొమ్మిదింటికి బయటకొచ్చి పైకి చూడండి. చుక్కలు నిండుగా కనిపించి, ఆకు కదలకపోతే తెల్లారగట్ల నాలుగున్నరకి లేవండి. చుక్కలు లేవు, గాలి వీస్తుంది అంటే హాయిగా పడుకోండి. చీకట్లో కొండెక్కి మీరు చూసేదేటీ ఉండదు.

నా చూపులో మేఘాల సముద్రానికి అక్టోబరు ఆఖరు, నవంబరు మంచి కాలం. నేల తడి ఇంకా ఉంటాది. డిసెంబరు, జనవరిలో చలి ఎక్కువ, తేమ తక్కువ. చలి కావాలా, మేఘాలు కావాలా అన్నది ముందు తేల్చుకుంటే నెల దానంతటదే తేలిపోతాది. చలికాలంలో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరున్నరకి కొంచెం అటూ ఇటూ. ఎండ తగిలి నేల వేడెక్కితే ఎనిమిది, తొమ్మిదికల్లా మంచు చెదిరిపోతాది. లంబసింగి, వంజంగి రెండూ ఒక్క తెల్లారగట్లే చూసేద్దామని మాత్రం అనుకోవద్దు. లంబసింగి నుంచి చింతపల్లి, జి.మాడుగుల మీదుగా పాడేరు వెళ్లేసరికి పొద్దెక్కిపోతాది.

చలికాలంలో ప్రాణం తీసే రెండు

మొదటిది కుంపటి. చలేస్తుందని బొగ్గుల కుంపటి టెంటులోకో, తలుపులేసిన గదిలోకో తెచ్చుకుని పడుకుంటారు. బొగ్గు సరిగ్గా గాలాడకుండా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడతాది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నోడికి అవి కూడా తెలీవు. నెగడు బయటే వేసుకోండి, పడుకునే ముందు ఆర్పీయండి. లోపలికి రెండో దుప్పటి తెచ్చుకోండి, కింద పరుపు మందంగా వేసుకోండి. చలి పైనుంచి కన్నా నేల నుంచి ఎక్కువ లాగుతాది.

రెండోది ఘాట్ రోడ్డు. విశాఖలో అర్ధరాత్రి బయల్దేరి, తెల్లారేసరికి లంబసింగిలో ఉండాలని బైకుల మీద వస్తారు. నూరు కిలోమీటర్ల పైన, నిద్ర లేకుండా, ఆఖరి మలుపులు సరిగ్గా మంచు ఎక్కువుండే వేళకి. ఇంతకన్నా చెడ్డ లెక్క ఇంకోటి లేదు. శనివారం మధ్యాహ్నమే కొండెక్కీయండి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకిపోతాది, ఆలోపు చేరిపోండి. రాత్రి పడుకుని లేస్తే తెల్లారగట్ల చేసేది నడకే. మంచులో బండి నడపక తప్పకపోతే లైటు డిమ్‌లో పెట్టండి. పెద్ద లైటు వేస్తే మంచు మీద పడి కళ్లలోకే తిరిగొస్తాది. ఫోటోల కోసం మలుపులో బండి ఆపొద్దు.

ఇంకో మాట. జనవరి ఆదివారాల్లో మా రోడ్డు మీద కార్లు బారులు తీరి నిలబడిపోతాయి. అదే రోడ్డు మీద అంబులెన్సు కూడా రావాలి. ఇప్పటికీ రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులని డోలీ కట్టి మోసుకొచ్చి, రోడ్డెక్కాక బండి కోసం చూస్తారు. కిలోమీటర్లు మోసుకొచ్చిన తర్వాత బండి జామ్‌లో ఇరుక్కుందంటే ఆ ఇంటోళ్లకి ఎలగుంటాదో ఆలోచించండి. బండి రోడ్డు మీద కాకుండా పక్కకి దింపి పెట్టడం అంత చిన్న పనే, కాని అంత పెద్ద పని.

పగటిపూట చెయ్యడానికి చాలా ఉంది. తాజంగి రిజర్వాయరు గట్టు ఉంది. లంబసింగి చుట్టుపక్కల స్ట్రాబెర్రీ తోటలున్నాయి. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టు ఉంటాయి. కాఫీ తోటల్లో పళ్లు ఎర్రగా పండి కోతలు జరుగుతుంటాయి. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు వెనకాల ఈ కోతలున్నాయి. తోటలోకి వెళ్లాలంటే తోట మనిషిని అడిగి వెళ్లండి. వలిసె చేలో పడుకుని ఫోటో దిగితే నలిగేది ఒకరి పంట.

ఎండాకాలం: ఎవరూ రాని మంచి రోజులు

ఫిబ్రవరి వచ్చేసరికి టూరిస్టులు తగ్గిపోతారు. నిజానికి ఊరు ఊరులాగ కనిపించేది అప్పుడే. పసుపు తవ్వి ఉడకబెట్టడం, చింతపండు కొట్టడం, కొండచీపుర్లు కట్టలు కట్టడం, సంతలో ఇవన్నీ చేతులు మారడం. మార్చి, ఏప్రిల్లో ఒక వాన పడితే కాఫీ మొక్కలు తెల్లగా పూసేస్తాయి. మల్లెపూల వాసనకి దగ్గరగా ఉంటాది. ఆ పూత నాలుగు రోజులుంటే ఎక్కువ. దాన్ని పట్టుకోవాలంటే వాన పడిన వారం తర్వాత రావాలి. ఏ కేలండరూ దాని తేదీ చెప్పలేదు, ఊళ్లో ఉన్న స్నేహితుడే చెప్పాలి.

చైత్రంలో ఇటుకల పండగ వస్తాది. మగోళ్లు అడివికి వేటకి వెళ్తే, ఆడోళ్లు రోడ్డుకి అడ్డంగా నిలబడి వచ్చేపోయే బండ్లని ఆపి పండగ డబ్బులు అడుగుతారు. అది దందా కాదు, ఆచారం. నవ్వుతూ ఇచ్చి నాలుగు మాటలు మాట్లాడి వెళ్లండి. మే నెల్లో పాడేరు మోదకొండమ్మ జాతర. ఈ రెంటికీ వచ్చినోడు, జనవరిలో వచ్చినోడి కన్నా మా గురించి ఎక్కువ తెలుసుకుని వెళ్తాడు.

ఈ కాలంలో భయపడాల్సింది పిడుగుకి. పొద్దున్న తేటగా ఉంటాది, మధ్యాహ్నానికి ఎండ మండిపోతాది, మూడు దాటాక కొండల మీద నల్లమబ్బు లేచి గాలివాన కొడతాది. కొండ ఎక్కేపని ఏదైనా పొద్దున్నే పెట్టుకుని మధ్యాహ్నానికి దిగిపోండి. మెరుపు చూసిన దగ్గర నుంచి ఉరుము వినిపించే దాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో పోండి. చెట్టు కింద, టెంటులో, బైకు మీద రక్షణ లేదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావొద్దు.

వానాకాలం: గెడ్డకి ఆదివారం తెలీదు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన్యం పచ్చగా, ఎటు చూసినా నీళ్లతో ఉంటాది. జి.మాడుగుల మండలంలో కొత్తపల్లి జలపాతం అప్పుడే నిండుగా దూకుతాది. రీల్స్ చూసినోడికి ఆగదు. ఇక్కడ మాత్రం నా మాట గట్టిగా వినండి.

2024 సెప్టెంబరు 22, ఆదివారం. మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతానికి మెడిసిన్ చదివే పిల్లలు సరదాగా వెళ్లారు. నీళ్ల ఉరవడి ఒక్కసారిగా పెరిగి కొందరు కొట్టుకుపోయారు. ముగ్గురు చనిపోయారు. చదువుకున్న పిల్లలే, తెలివితక్కువోళ్లు కాదు. గెడ్డ ఎలగ పనిచేస్తాదో మైదానంలో పుట్టినోడికి చెప్పేవాళ్లుండరు, అంతే.

మీరు నిలబడ్డ చోట చినుకు లేకపోవచ్చు. ఎగువన రెండు కొండల అవతల కుండపోత కురుస్తుండొచ్చు. ఆ కొండల నీళ్లన్నీ ఒకటే సందులోంచి కిందకి రావాలి. ఏటిలాగ మెల్లగా పెరగదు గెడ్డ, గోడలాగ వస్తాది. వచ్చే ముందు గుర్తులుంటాయి. తేటనీళ్లు బురదరంగు తిరుగుతాయి. ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తాయి. ఎగువ నుంచి గుమ్మని హోరు మొదలవుతాది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా సామాన్లు ఒగ్గేసి గట్టెక్కండి. చెప్పులు, ఫోను, బండి తాళాలు ఏవీ చూడొద్దు. మోకాలి లోతు నీరు జోరుగా పారుతుంటే మనిషి కాళ్లు నిలవవు. రోడ్డు మీద నుంచి గెడ్డ పారుతుంటే బైకుతో దాటడానికి చూడొద్దు. గంటో రెండు గంటలో ఆగితే వానగెడ్డ మళ్లీ తీస్తాది.

కొండచరియలు ఇంకో భయం. అదే 2024 సెప్టెంబరులో భారీ వానలకి మా పక్క గూడెంకొత్తవీధి మండలంలో కొండచరియలు విరిగిపడ్డాయి. నాలుగైదు రోజులు వదలకుండా ముసురు పట్టిందంటే నేల నీళ్లు తాగీసి బరువెక్కిపోతాది. అప్పుడు వాన ఆగిన రోజు కూడా జారొచ్చు. 'ఈరోజు ఎండ కాసింది కదా' అని బయల్దేరొద్దు. ముందు నాలుగు రోజులు ఎలగున్నాయో అది లెక్క.

ఈ కాలంలో దోమలు కూడా ఎక్కువ. మన్యంలో మలేరియా ఎప్పట్నుంచో ఉన్నదే. నిండుచేతుల చొక్కా వేసుకోండి, దోమతెరలో పడుకోండి. ఇంటికెళ్లాక రెండు వారాల్లో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, జ్వరమొస్తే డాక్టరుతో ముందు చెప్పాల్సిన మాట 'ఏజెన్సీకి వెళ్లొచ్చాను' అని. ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష తొందరగా అవుతాది.

వానాకాలంలో రావొద్దా మరి? రావొచ్చు. ముసురు లేని వారం చూసుకుని, గెడ్డలకి దూరంగా ఉండే పనులు పెట్టుకుని రండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, మన్యం వీరులు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. వానాకాలంలో ఈ కొండదారులు ఎలగుంటాయో మీరు బండి మీద వచ్చి చూస్తే, వాళ్లు నడిచి చేసింది ఏటో పుస్తకం చదివిన దాని కన్నా బాగా తెలుస్తాది. ఆగస్టులో ఆ ఊళ్లు చూడ్డానికి జలపాతంలో దిగక్కర్లేదు.

అక్టోబరు: ఒక కన్ను సముద్రం మీద

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. మాకు సముద్రం కనిపించదు గాని, సముద్రంలో పుట్టిన గాలి మాకూ తగులుతాది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, కొండల మీద కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లని ఎక్కడికక్కడ పడగొట్టింది. నీడ పోతే కాఫీ పోతాది. అంచేత దసరా, దీపావళి సెలవులకి ప్లాన్ వేసుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందే 'తుపానొస్తే తేదీ మార్చుకోవచ్చా' అని అడిగి పెట్టుకోండి.

ఫోనులో ఏటి చూడాలి

చాలామంది చేసే పొరపాటు ఫోనులో విశాఖపట్నం వాతావరణం చూసి కొండెక్కడం. 2022 ఏప్రిల్ 4 నుంచి మా జిల్లా వేరు. వాతావరణ శాఖ హెచ్చరికలు జిల్లాల వారీగా ఇస్తాది. మీరు చూడాల్సింది 'అల్లూరి సీతారామరాజు జిల్లా'. నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోది. అక్కడ ఆకుపచ్చ ఉంటే ఘాటెక్కాక కూడా ఆకుపచ్చే అనుకోవద్దు.

రంగుల అర్థం తెలుసుకోండి. పసుపు అంటే గమనిస్తూ ఉండండి అని. నారింజ అంటే సిద్ధంగా ఉండండి అని. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త తీసుకోండి అని. 'భారీ వర్షం' అన్న మాటకి కూడా కొలత ఉంది. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ. నా లెక్క ఏటంటే, పసుపు ఉంటే గెడ్డలు, జలపాతాలు మానీయండి. నారింజ ఉంటే ప్రయాణమే మానీయండి. ఎరుపు అయితే అడగక్కర్లేదు.

వాతావరణ శాఖది 'మౌసమ్' యాప్, పిడుగులకి 'దామిని' యాప్, రెండూ డబ్బులక్కర్లేనివే. మా దగ్గర చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, అంచేత ఇవన్నీ నర్సీపట్నంలో టీ తాగేటప్పుడే చూసుకోండి. ఇంటి దగ్గర ఒకరికి ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో చెప్పి రండి. ఆపదలో 112కి, విపత్తుల సంస్థ నంబరు 1070కి ఫోన్ చెయ్యొచ్చు.

మా కుర్రోళ్లకి ఒక మాట

సంవత్సరానికి 52 వారాలు. నవంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా లెక్కేస్తే పదకొండు వారాలు. అంటే టెంటు నిండేది ఓ ఇరవై రెండు రాత్రులు. అందులో అల్పపీడనం వచ్చి రెండు వారాలు పోతే పద్దెనిమిది. ఏడాది సంపాదన పద్దెనిమిది రాత్రుల మీద పెట్టుకున్నోడు, 'ఈ వారం బాగోలేదు, రావొద్దు' అని ఎలగ చెప్తాడు? చెప్పలేడు. 'వచ్చీయండి అన్నా, మంచు ఉంటాది' అంటాడు. అక్కడే మోసం మొదలవుతాది, అక్కడే ప్రమాదం కూడా మొదలవుతాది. తప్పు కుర్రోడి గుణంలో లేదు, లెక్కలో ఉంది.

ఆ లెక్క మార్చాలి. ఫిబ్రవరిలో సంత, ఏప్రిల్లో కాఫీ పూత, మేలో జాతర, ఆగస్టులో అల్లూరి దారులు, అక్టోబరు ఆఖర్న మేఘాలు. ప్రతి నెలకీ చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉంది. రాజ్‌మా, పసుపు, కాఫీపొడి, అడ్డాకులు, సోడి అంబలి, ఇవి పన్నెండు నెలలూ అమ్మొచ్చు. ఏడాది పొడుగునా కొంచెం కొంచెం వస్తే, చెడ్డ వారం వచ్చినప్పుడు 'వద్దు' అనే ధైర్యం ఉంటాది. నారింజ హెచ్చరిక వచ్చిన రోజు టెంట్లు మూసీడం, అడ్వాన్సు పోనివ్వకుండా ఇంకో వారానికి మార్చడం, ఈ రెండూ ఊళ్లో అందరూ కలిసి పెట్టుకుంటే ఒక్కడు నష్టపోడు.

టెంటు ఎవరిదన్నది కూడా అడగాల్సిందే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెప్తాది. కాగితం మీద భూమి మనోడిదే ఉండి, గల్లాపెట్టె మాత్రం బయటోడి చేతిలో ఉండి, మనోడు కట్టెలు మోసి నెగడు వేసే కూలోడైతే, చలి మనదీ డబ్బు ఇంకొకడిదీ అయిపోతాది. వచ్చేవాళ్లు కూడా బుక్ చేసే ముందు 'ఇది ఊరోళ్లదేనా' అని ఒక్క మాట అడగండి. తెచ్చిన ప్లాస్టిక్కు, సీసాలు తిరిగి కిందకి పట్టుకుపోండి. మా పశువులు మేసేది, మా పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగేది ఆ గడ్డి మీదే.

ఏ నెల్లో ఫోన్ చేసినా మావోళ్లు ఎత్తుతారు. జూలైలో చేసినా ఎత్తుతారు. ముసురు పట్టి ఉంటే మాత్రం 'ఈ వారం వద్దు తమ్ముడూ' అనే చెప్పాలి, మీరు వినాలి. కొండ ఎక్కడికీ పోదు, వచ్చే వారం కూడా ఇక్కడే ఉంటాది.